బధిరులును మద్యవిమోచనమును

ఖమ్మము నుండి తూర్పుగ భద్రాద్రి యరణ్యసీమ వైపునకు సాగు బాటలో వైరా యొక ముఖ్యమైన మజిలీ. నిజాము ప్రభుత్వకాలమున నిర్మింపబడిన వైరా జలాశయము క్రింద మాగాణి పండుచున్నది. ఆ పొలములను దాటి పోను పోను వరిమళ్లు తగ్గి తాళ్లును, ఇప్పచెట్లును, జీలుగుచెట్లును కానవచ్చును. బస్తీలో దుకాణపు సీసా, తాటివనముల చెంత కల్లు, మన్యమున ఇప్పసారాయు జీలుగుకల్లును దొరకును. పానీయ మేదైన నేమి, త్రాగుడు మితిమీరిన యింట గలుగు దుఃఖ మొక్కటియే. పెండ్లాము పుస్తెలు తాకట్టునకు బోవును, బిడ్డల చదువు మూలబడును, కౌలుపొలము చేయి జారును.

ఈ దుర్వ్యసనమునుండి జనులను మరల్చుటకు మనవారు యత్నింపకపోలేదు. సభలలో ఉపన్యాసములు జరుగుచున్నవి. కళాజాతలవారు పాటలు పాడుచున్నారు. ఆటోలపై మైకులు కట్టి వీధివీధిని చాటుచున్నారు. ప్రభుత్వమువారు టెలిఫోను సంఖ్య లిచ్చి సలహా చెప్పించుచున్నారు. ఇవి యన్నియు కొనియాడదగిన పనులే. కాని యివి యన్నియు చెవి యను ద్వారమునుండి లోనికి బోవునవి. ఆ ద్వారము పుట్టుకతోనో, పసితనపు జ్వరముతోనో మూతబడిన వాని మాట యేమి? అతడును మనవంటి మనుష్యుడే, మనవలెనే త్రాగుడులో చిక్కుకొనగలడు, మనవలెనే బయటపడ గోరగలడు. బయటపడు త్రోవను అతనికి జెప్పువా రెవరు? ఈ ప్రశ్నను నేడు మా పాఠకుల యెదుట నుంచదలచితిమి.

2011 జనాభా లెక్కలయందు దేశమునగల వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది యని తేలినది. వారిలో వినికిడి లోపము గలవారు 50 లక్షలకు మించియున్నారు. మాటలోపము గలవారు దాదాపు 20 లక్షలు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు దేశమంతటను విచారణ జరిపి మత్తుపదార్థముల వాడుకనుగూర్చి 2019లో ప్రకటించిన నివేదికనుబట్టి, మద్యము సేవించువారు 16 కోట్లమంది. వారిలో హాని గలుగునంతగానో బానిసలగునంతగానో త్రాగి పరుల సహాయము అవసరమైనవారు 5 కోట్ల 70 లక్షలు. మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కనికి మాత్రమే యేదో యొక చికిత్స లభించినదని ఆ నివేదికయే చెప్పుచున్నది. వినగలవారికే, మాటాడగలవారికే 38 మందిలో ఒక్కనికి దొరకిన యౌషధము వినలేని వానికి ఎంత దూరమున నుండునో వేరుగ జెప్పనక్కరలేదు.

బధిరులు ఇతరులకంటె నెక్కువ త్రాగుదురని మేము అనుట లేదు. అట్లనుట వారికి అన్యాయము. మేము చెప్పున దింతమాత్రమే: త్రాగుడులో బడుటకు వారికి ఏ యడ్డును లేదు, లేచుటకు మాత్రము అడుగడుగున అడ్డు గలదు. సీసా నమ్మువానికి భాషతో పని లేదు. వ్రేలు చూపి రూపాయలిచ్చిన చాలును. వైద్యుని యొద్ద, సలహాదారుని యొద్ద, సంఘము నెదుట మాత్రము భాష కావలసివచ్చును. పాపమునకు సైగ చాలినపుడు ప్రాయశ్చిత్తమునకు సైగ చాలకపోవుట ఏమి న్యాయము?

మద్యనిషేధము మనకు క్రొత్త గాదు. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో నిషేధమును ప్రవేశపెట్టినది. మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరింపజేసినది. స్వతంత్రభారత రాజ్యాంగములోని 47వ అధికరణము మద్యనిషేధమునకు యత్నించుట ప్రభుత్వముయొక్క ధర్మమని నిర్దేశించినది. అటుపిమ్మట నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగిన దానిని తెలుగువారెవ్వరును మఱవరాదు. అక్షరాస్యతోద్యమపు వాచకములో సీతమ్మ కథను చదివిన పల్లెటూరి స్త్రీలు, ఆ కథ తమ కథయేయని గుర్తించి, సారా దుకాణమును మూయించిరి. 1992లో ఆ యుద్యమము జిల్లాలు దాటి వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చి 1997లో సడలింపబడినది. నిషేధము నిలిచినదా లేదా యను వాదము నటుంచుదము. ఆ చరిత్రనుండి గ్రహింపవలసిన నీతి వేఱొకటి గలదు. శాసనముకంటె ముందు పాఠము వచ్చినది. తమకు దెలిసిన భాషలో, తమ బ్రతుకునుగూర్చి నాలుగు వాక్యములు చేరినంతనే నోరులేని స్త్రీలకు నోరు వచ్చినది. ఆ రాత్రిబడులలో గురువు గొంతెత్తి చెప్పిన పాఠము బధిరస్త్రీకి అందలేదు. ఆమె సీతమ్మ కథ నేటికిని ఆమె భాషలో చెప్పబడలేదు.

ఆమె భాష యేది? ఇచ్చట విద్యావంతులు గూడ పొరబడుచున్నారు. చెవిటివాడన్న మూగవాడనియు, మూగవాడన్న తెలివిలేనివాడనియు తలచు వాడుక మన పల్లెలలో బలముగ నాటుకొనియున్నది. బధిరుడు మూగవాడు గాడు. అతని భాష చేతులయందును, కన్నులయందును, ముఖకవళికలయందును గలదు. భారతీయ సంజ్ఞాభాషకు స్వకీయమైన వ్యాకరణము గలదు. అది తెలుగును వ్రేళ్లతో జూపుట గాదు. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రమువారు 2018లో 3,000 పదములతో నిఘంటువును వెలువరించి, 2021 నాటికి దానిని 10,000 పదములకు పెంచిరి. 2023 సెప్టెంబరులో సుప్రీముకోర్టు ఒక బధిర న్యాయవాది వాదనను సంజ్ఞాభాషా ద్విభాషిద్వారా ఆలకించినది. సర్వోన్నత న్యాయస్థానమున చెల్లిన భాష జిల్లా యాసుపత్రిలో చెల్లకుండుటకు కారణము కానరాదు.

కాగితముపై తెలుగున వ్రాసి చూపిన చాలదా యని కొందరందురు. కొందరికి చాలును, అందరికిని చాలదు. వినికిడి గల బిడ్డ బడికి బోవులోపలనే వేలకొలది మాటలు విని నేర్చును. అక్షరములు ఆ మాటలకు బొమ్మలుగ దోచును. పుట్టుచెవిటి బిడ్డకు తెలుగు ఎన్నడును వినని భాష. బధిరపాఠశాలలో జేరు భాగ్యము గలిగినవారు దానిని కష్టించి నేర్చెదరు. వైరా పరిసరములలోని గూడెమునందో తండాయందో పుట్టి బడి ముఖము చూడని వానికి అక్షరములును రావు, పట్టణమువారి సంజ్ఞాభాషయు రాదు. ఇంటివారితో కల్పించుకొన్న సైగలే అతని యాస్తి. పెదవుల కదలికను జూచి గ్రహించునని నమ్ముటయు భ్రమయే. 'ప'కారమును 'మ'కారమును పెదవులపై నొక్కటిగనే కనబడును. వైద్యుడు ముఖమునకు గుడ్డ కట్టుకొన్నపుడు ఆ కాస్తయు మఱుగుపడును.

ఇంక చికిత్సనుగూర్చి విచారింతము. చిరకాలము మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగ మానుట అపాయకరము. ఆఱేడు గంటలలో చేతులు వణక నారంభించును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినమునుండి నాలుగవ దినము వఱకు కొందరికి సన్నిపాతమును బోలిన మతిభ్రమ గలుగును. చికిత్స లేకున్న ప్రాణమునకే ముప్పు. 2015లో తెలంగాణమున కల్తీకల్లును ప్రభుత్వము అరికట్టినపుడు, అందు గలిపిన మత్తుమందులకు అలవడిన కూలీలు వందలకొలదిగ ఆసుపత్రుల పాలైరి. కావున మానుటకు నిశ్చయముతోబాటు వైద్యమును గావలెను. ఆ వైద్యమునకు వైద్యుడు ముందుగ నడుగవలసిన ప్రశ్న లున్నవి: కడపటిసారి ఎప్పుడు త్రాగితివి, ఎంత త్రాగితివి, పూర్వము మూర్ఛ వచ్చెనా, ఇపుడు లేని పురుగు లేవైన కన్నులకు గానవచ్చుచున్నవా? వీనికి సమాధానము రాకున్న మందు మోతాదు నిర్ణయించుట చీకటిలో బాణము వేయుటయే. ప్రపంచారోగ్యసంస్థవారు త్రాగుడు తీవ్రతను కొలుచుటకు పది ప్రశ్నల పట్టిక నొకదానిని కూర్చిరి. మాటతో నడుగబడు ఆ పదియు బధిరుని యొద్ద వ్యర్థములే.

ఇంతకంటె ఘోరమైన దొకటి గలదు. మతిభ్రమలో నున్న రోగి మంచముపైనుండి పడకుండుటకు, సూదులను లాగివేయకుండుటకు అతని చేతులను గట్టివేయు వాడుక ఆసుపత్రులలో గలదు. వినగల రోగికి చేతులు గట్టిన నోరు మిగులును. దాహమనియో, నొప్పియనియో, భయమనియో కేకవేయగలడు. బధిరునికి చేతులే నోరు. వానిని గట్టుట అతని నోట గుడ్డ గ్రుక్కుటతో సమానము. పైగా వణుకు తగిలిన చేతుల సైగ తడబడును. తడబడిన సైగను దెలియనివారు పిచ్చిచేష్ట యనుకొందురు. సైగల నెఱిగిన వాడొకడు ప్రక్కన నున్నచో ఇది భాష, ఇది భ్రమ యని వేరుపఱచి చెప్పగలడు. ఆ యొక్క మనిషి లేకపోవుటచేత ప్రాణము పోవు సందర్భము గలదని వైద్యు లందరును గుర్తింపవలయును.

మందులతో దేహము శాంతించును. తిరిగి త్రాగకుండుటకు మనస్సు మారవలయును. దాని సాధనము సంభాషణము. 1935లో అమెరికాదేశమున ఆక్రను పట్టణములో త్రాగుబోతులైన ఇద్దరు, ఒక వ్యాపారియు ఒక వైద్యుడును, పరస్పరము తమ దైన్యమును జెప్పుకొని త్రాగుడు మానుకొనిరి. ఆ మాటలనుండి ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సంఘము పుట్టి లోకమంతట వ్యాపించినది. రుసుము లేదు, పేరు చెప్పనక్కరలేదు. త్రాగుడు మానవలెనను కోరికయే ప్రవేశార్హత. దాని శక్తియంతయు ఒకని కథను మఱియొకడు వినుటయందే గలదు. అట్టి సభలో కూర్చుండిన బధిరుడు పదిమంది ఏడ్చుటను జూచును, ఎందు కేడ్చిరో యెఱుగడు. ఇరుగుపొరుగువారు నవ్వుటను జూచి తన్ను జూచియే నవ్విరని తలచి మరల రాడు. మన ప్రభుత్వమువారి 14446 సంఖ్యయు, 2022లో నెలకొల్పబడిన టెలిమానస్ వారి 14416 సంఖ్యయు సద్బుద్ధితో నేర్పడినవే. కాని ఫోనును చెవికి ఆనించుకొన్న బధిరునికి అది రాతిముక్కయే గదా!

ఇంటివారు ప్రక్కన నిలిచి చెప్పరాదా యని వేఱొక ప్రశ్న. అత్యవసరమున చెప్పవలసినదే. కాని దానినే యేర్పాటుగ దలచుట తగదు. త్రాగి భార్యను గొట్టినవాడు ఆ సంగతిని ఆ భార్య చేతులద్వారా వైద్యునకు జెప్పుకొనగలడా? ఎనిమిదేండ్ల కుమారుడు తండ్రి యప్పులను, అవమానములను డాక్టరునకు వివరింపవలెనా? బావమరిది నడుమ నిలిచినచో అతనికి దోచినదే ప్రశ్నగను, అతనికి ఇష్టమైనదే సమాధానముగను మారిపోవును. వైద్యుడు పది వాక్యములు చెప్పగా "మానుమనుచున్నాడు" అని ఒక్క సైగతో ముగింతురు. బధిరు డాజన్మము తనకై ఇతరులు మాటాడుటను సహించినవాడు. తన మాటను తాను చెప్పుకొనవలసిన తావు లోకమున ఒకటి యున్నచో అది యీ గదియే. పరిచయములేని ద్విభాషి, రహస్యమును కాపాడెదనని మాట యిచ్చిన ద్విభాషి, అందులకే కావలయును.

ఇది సాధ్యము కాని కోరిక యనువారికి రెండు నిదర్శనములు చూపుదుము. అమెరికాలోని మినియాపొలిస్ నగరమున 1989లో బధిరులకై ప్రత్యేకముగ మద్యవిమోచన చికిత్సాలయమొకటి ఆరంభింపబడినది. వ్రాయనేరని రోగులు తమ త్రాగుడు చరిత్రను అచ్చట బొమ్మలుగ గీచి, ఆ బొమ్మలను సంజ్ఞాభాషలో వివరించెడివారు. మొదటి సీసాను ఎవరిచ్చిరి, ఉద్యోగము ఎట్లు పోయెను, బిడ్డ యెందుకు దూరమయ్యెను అనునవి బొమ్మలలో తేటపడెడివి. పైన జెప్పిన సంఘమువారి ముఖ్యగ్రంథముగూడ అమెరికను సంజ్ఞాభాషలో దృశ్యరూపమున సిద్ధమైనది. రెండవది మన దక్షిణాది నిదర్శనము. 1980లో శాంతి రంగనాథన్‌గారు మద్రాసున స్థాపించిన టి. టి. రంగనాథన్ సంస్థవారు 1989 నుండి తంజావూరు ప్రాంతమునందలి మంజక్కుడి గ్రామమున మద్యవిమోచన శిబిరములు నడపిరి. రోగులు పట్టణమునకు బోవుటకు బదులు పట్టణపు వైద్యమే గ్రామమునకు వచ్చినది. గ్రామస్థులే తావునిచ్చి తోడ్పడిరి. బొమ్మల పద్ధతిని అచ్చటనుండియు, శిబిరపు పద్ధతిని ఇచ్చటనుండియు దెచ్చి కలిపినచో వైరాకు దగిన యేర్పాటగును.

ఇది దయాధర్మముగ చేయవలసిన పని యని ఎవ్వరును భ్రమపడకుందురు గాక. ఇది శాసనసమ్మతమైన హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలులో అమలునకు వచ్చినది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులలోని యన్ని భాగములును వికలాంగులకు నిరాటంకముగ అందవలెననియు, చికిత్సలో వారికి ప్రాధాన్యమీయవలెననియు ఆ చట్టపు 25వ విభాగము విధించుచున్నది. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణచట్టము మద్యపు దుర్వినియోగముచే గలుగు మానసికస్థితులను తన పరిధిలో జేర్చుకొని, చికిత్సనుగూర్చి నిర్ణయము చేసికొనవలసిన వానికి ఆ వివరములను అతనికి బోధపడు సరళభాషయందుగాని, సంజ్ఞాభాషయందుగాని, దృశ్యసాధనములచేగాని తెలుపవలెనని 4వ విభాగమున స్పష్టముగ జెప్పినది. శాసనము వచ్చి యేండ్లు గడచినవి. శాసనపు పుస్తకమునుండి ఆసుపత్రి గుమ్మము వఱకు దానిని మోసికొనిపోవువారు కావలసియున్నారు.

కొద్దిమందికై యింత వ్యయమా యని లెక్కలు వేయువారు గలరు. వ్యయము వారు తలచునంత గాదు. ప్రతి యాసుపత్రిలోను ఒక ద్విభాషిని జీతమిచ్చి నిలుపుమని మేము కోరుట లేదు. పల్లెపల్లెకును సెల్‌ఫోను చేరిన యీ కాలమున జిల్లాకేంద్రముననో హైదరాబాదుననో కూర్చున్న ద్విభాషి వీడియోద్వారా వైరాలోని రోగికిని వైద్యునికిని నడుమ నిలువగలడు. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయసంస్థయొక్క ప్రాంతీయశాఖ గలదు. శిక్షణకు అది తోడ్పడగలదు. సహాయపు టెలిఫోనులకు వ్రాతసందేశములను, వీడియో సంభాషణను జేర్చుట పెద్ద పని గాదు. మద్యమునుగూర్చి ప్రభుత్వమువారు తీయించు ప్రతి చిత్రమునందును తెలుగు అక్షరములును, ఒక మూల సంజ్ఞాభాషయు ఉండవలయును.

వీడియోలోని పట్టణపు సంజ్ఞాభాష గూడెపు బధిరునికి తెలియకపోవచ్చును. అందులకే స్థానికుడైన బధిరు డొకడు తోడు గావలెను. పట్టణపు సంజ్ఞను అతడు గ్రహించి, పల్లెసైగగ మార్చి, బొమ్మగ గీచి, అభినయించి చూపగలడు. త్రాగుడు మానుకొన్న బధిరుడే దొరకెనా, అంతకంటె భాగ్యము లేదు. ఒకడు లేచినచో పదిమందిని లేపును. వికలాంగుల పింఛను జాబితాలో ఏ యూర బధిరు లున్నారో ప్రభుత్వము వద్ద పేర్లతో సహా గలదు. ఆశా కార్యకర్త ఆ యిండ్ల గడపలను ఎఱుగును. ఆమె చేతికి పదియో పదునైదో బొమ్మల యట్టలు ఇచ్చినచో చాలును. సీసా బొమ్మ, సూర్యుడు చంద్రుడు గల దినముల బొమ్మ, వణకు చేతి బొమ్మ, మూర్ఛ బొమ్మ, ఆసుపత్రి బొమ్మ. సభ జరిగినచో వెలుతురున్న గదిలో వలయాకారమున కూర్చుండవలెను. చీకటిలో చేతులు కానరావు. ఒకరు ముగించిన పిదపనే మఱియొకరు చెప్పవలెను. ఇందు పెద్ద ధనవ్యయ మెందును లేదు, కావలసినది శ్రద్ధ.

గ్రామములలో మాట చెల్లుబడి గల రైతులకును, వర్తకులకును మా మనవి వేఱుగ గలదు. నాట్లనాడును, కోతలనాడును కూలిపైన సీసా పోయు వాడుక మనకు తెలియనిది గాదు. బధిరకూలి బేరమాడలేడు. వానికి ముట్టవలసిన రొక్కమునకు బదులు సీసా చేతబెట్టి భుజము తట్టిన ఊరకుండును. ఆ ఊరకుండుటను సమ్మతిగ భావింపకుడు. కూలిని రొక్కముగనే, అతని చేతికే, లెక్కను వ్రేళ్లపై జూపి యిండు. పెండ్లిళ్లలో, జాతరలలో చెవిటివానికి త్రాగబోసి అతని తూలుటను జూచి నవ్వుట వినోద మనుకొనువారిని మందలింపుడు. మీ యూర చెవిటివాడు త్రాగుడులో మునిగినచో "వానికేమి తెలియును" అని విడిచిపెట్టక, ఆసుపత్రికి తోడుగ పోయి, "ఇతని భాషలో చెప్పువానిని పిలిపింపుడు, ఇది చట్టము" అని యడుగుడు. ఆసుపత్రివారు సాధారణముగ మొదట అడిగినవానికి తడబడుదురు, రెండవవానికి వెదకుదురు, మూడవవానికి ఏర్పాటు చేయుదురు. ఆ మొదటి ఇద్దరును ఎవరో యొకరు కావలెను గదా.

ఖమ్మము జిల్లా యధికారులు వైరాలో బధిరులకై మద్యవిమోచన శిబిరము నొక్కదానిని ముందుగ జరిపి చూతురుగాక యని కోరుచున్నాము. వైరా తూర్పున మన్యమునకును పడమట మైదానమునకును నడుమనున్నది. రెండు ప్రక్కలవారికిని రాకపోకలు సులభము. అచ్చట నెగ్గినది అన్ని మండలములకును ఆదర్శమగును. దూబగుంట స్త్రీలకు ఒక పాఠము చేరినందున ఒక రాష్ట్రపు శాసనమే మారినది. ఇచ్చట మేము శాసనమును మార్చుమనుట లేదు. ఉన్న శాసనమును ఉన్న మనుష్యునికి అతని కన్నులకు గనబడునట్లు చదివి వినిపింపుమనుచున్నాము. 'వినిపింపుము' అను మాట మా కలమున అలవాటుగ వచ్చినది. మన భాషయే చెవికి అంతగ అలవాటుపడినది. 'చూపుము' అనుట నేర్చుకొందము. ఆ మాట మార్పుతోనే పని యారంభమగును.